రాయగడ వైపు మనవాళ్లకి: ఉన్న ఉద్యోగం చేస్తూనే, నలుగురి నోళ్లలో పడకుండా కొత్తది వెతుక్కోవడం ఎలా

2017లో మా ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులో నా బయోడేటా ప్రింట్ తీయించుకున్నాను. ఫైలు వాట్సాప్‌లో పంపాను, షాపతను కంప్యూటర్లో దించుకుని 3 కాపీలు తీసిచ్చాడు, డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ ఫైలు డెస్క్‌టాప్ మీద అలాగే ఉండిపోయింది. ఫైలుకి నా పేరు, పక్కనే 'కొత్త బయోడేటా' అని. రెండు రోజులకి మా పర్సనల్ డిపార్ట్‌మెంట్ గుమస్తా ఏవో ఫారాలు ప్రింట్ తీయించుకోవడానికి అదే షాపుకి వెళ్లాడు. ఆ సాయంత్రమే మా ఆఫీసర్ క్యాబిన్‌లోకి పిలిచి "ఏం బాబూ, విశాఖ వెళ్లిపోతున్నావట కదా" అన్నారు. అప్పటికి నాకు ఒక్క ఇంటర్వ్యూ కాల్ కూడా రాలేదు. ఆ ఏడాది ఇంక్రిమెంట్ ఆగిపోయింది, నేను చూసే పనులు ఒక్కొక్కటే పక్క సీటుకి వెళ్లిపోయాయి, కొత్త ఉద్యోగం దొరకడానికి ఇంకో 8 నెలలు పట్టింది. ఆ 8 నెలలూ రోజూ అదే గేటులోంచి లోపలికి నడవడం ఎలా ఉంటుందో పడినవాళ్లకే తెలుస్తుంది.

ఆ తర్వాత ఇంకోసారి కూడా మారాను, అప్పుడు ఎక్కడా పొక్కలేదు. ఏం చేశానో, ఏం చేయలేదో వరసగా చెప్తాను. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం ఇలాంటి ఊళ్లలో పనిచేస్తున్న మన తెలుగువాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. హైదరాబాద్‌లో అయితే పక్క ఫ్లాట్‌లో ఎవరుంటారో తెలియదు కాబట్టి ఆఫీసులో జాగ్రత్తగా ఉంటే చాలు. మన దగ్గర మేనేజర్ గారి భార్య, మీ ఇంట్లోవాళ్లు ఒకే దుకాణంలో కూరగాయలు కొంటారు, ఆదివారం మజ్జిగౌరమ్మ గుడికి వెళ్తే సగం డిపార్ట్‌మెంట్ అక్కడే కనిపిస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పాలి. వేరే ఉద్యోగం చూసుకోవడం ద్రోహం కాదు, ఆ గిల్టీ ఫీలింగ్ పెట్టుకోకండి. అయితే చెప్పకుండా ఉండటానికీ అబద్ధం ఆడటానికీ చాలా తేడా ఉంది. చెప్పకుండా ఉండండి, అబద్ధం మాత్రం ఆడొద్దు. లేని మావయ్యని చంపి సెలవు పెట్టడం లాంటివి చిన్న ఊళ్లో వారం తిరక్కుండా బయటపడతాయి.

ముందు కాగితాలు, ఆ తర్వాతే వెతుకులాట

ఒక్క అప్లికేషన్ కూడా పంపకముందే మీ కాగితాలన్నీ ఒకచోట చేర్చండి. అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు, ఆఖరి 6 నెలల పే స్లిప్పులు, ఫారం 16 (జీతంలో కోసిన పన్ను వివరాల కాగితం), పీఎఫ్ పాస్‌బుక్. రాజీనామా ఇచ్చాక చాలా కంపెనీల్లో జీతాల పోర్టల్ లాగిన్ తీసేస్తారు, అప్పుడు ఒక్క పే స్లిప్ కోసం పదిమందిని బతిమాలాలి. ఇవన్నీ ఇంటి దగ్గర, మీ ఫోన్‌లోనే దించుకోండి. ఆఫీసు మెయిల్ నుంచి సొంత మెయిల్‌కి పదిహేను ఫైళ్లు పంపితే అది రికార్డులో ఉంటుంది, చూసేవాళ్లకి విషయం అర్థమైపోతుంది. మీ కాగితాలు మాత్రమే తీసుకోండి. డ్రాయింగులు, రేట్లు, కొనేవాళ్ల, అమ్మేవాళ్ల లిస్టులు కంపెనీవి, వాటి జోలికి వెళ్లొద్దు.

అపాయింట్‌మెంట్ లెటర్ చేరిన రోజు చదివి ఉంటారు, మళ్లీ చదవండి. చూడాల్సినవి నోటీసు పీరియడ్ (రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన రోజులు), బాండు. నోటీసు 30 రోజులా, 60 రోజులా, 90 రోజులా అన్నది కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న. బాండ్ రాసిచ్చి ఉంటే 'కోర్టులో చెల్లదులే' అని ఎవరో చెప్పారని ధీమాగా ఉండకండి. ఉద్యోగం మానేశాక ఇంకెక్కడా చేరకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు, అది నిజమే. కానీ ఫలానా కాలం పనిచేస్తానని, లేకపోతే ఇంత కడతానని రాసిచ్చింది వేరే సంగతి. విజయా బ్యాంక్ కేసులో 3 ఏళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతుని 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది.

తర్వాత గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకి వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) తేదీ చూసుకోండి. పర్మినెంట్ ఉద్యోగికి 5 ఏళ్లు నిండితేనే అది వస్తుంది. లెక్క తేలికే: ఆఖరి నెల బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదికి వచ్చేది. బేసిక్, డీఏ కలిపి 26,000 ఉన్నవాళ్లకి ఏడాదికి 15,000, ఐదేళ్లకి 75,000. మీకు నాలుగేళ్ల పది నెలలు అయి ఉంటే ఇప్పుడే తొందరపడి చేతికి రాబోయే 75,000 వదులుకోవడం ఎందుకు, వెతకడం మొదలుపెట్టండి కానీ ఆఖరి పనిదినం ఆ తేదీ దాటేలా చూసుకోండి. నోటీసు పీరియడ్‌లో చేసేదీ సర్వీసే కాబట్టి చాలామందికి ఇది కుదురుతుంది.

ఫోన్, మెయిల్, ప్రింట్

దీనికోసమే ఒక కొత్త జీమెయిల్ పెట్టుకోండి, మీ పేరుతోనే, శుభ్రంగా. అది ఆఫీసు కంప్యూటర్లో ఎప్పుడూ తెరవొద్దు, ఆఫీసు వైఫైలో కూడా వద్దు. చాలామంది మర్చిపోయేది వాట్సాప్ వెబ్. ఆఫీసు సిస్టమ్‌లో అది తెరిచి ఉంచి మీరు టీకి వెళ్లిన ఐదు నిమిషాల్లో రిక్రూటర్ మెసేజ్ వచ్చి స్క్రీన్ మీద మెరిస్తే పక్క సీటువాడు కళ్లు మూసుకుని కూర్చోడు.

ప్రింట్ సంగతి నా అనుభవం నుంచి చెప్తున్నాను. గేటు ఎదురు షాపులో వద్దు, కాలనీ షాపులో వద్దు. ఊరికి అవతలి వైపు షాపుకో, పార్వతీపురమో విజయనగరమో వెళ్లినప్పుడు అక్కడి షాపుకో వెళ్లండి. ప్రింట్ అయ్యాక "అన్నా, ఆ ఫైలు డిలీట్ చేసెయ్యవా" అని అడిగి, డౌన్‌లోడ్స్‌లోంచీ రీసైకిల్ బిన్‌లోంచీ పోయిందని కళ్లతో చూశాకే కదలండి. వాట్సాప్‌లో పంపి ఉంటే ఆ చాట్‌లో కూడా తీయించాలి. వాళ్లేం అనుకోరు, ఆధార్ కాపీలకి రోజూ నలుగురు ఇలాగే అడుగుతారు. ఫైలుకి పేరు పెట్టేటప్పుడు కూడా 'కొత్త', 'ఫైనల్', 'జాబ్' లాంటి మాటలు వద్దు.

నౌక్రీ అనే ఉద్యోగాల సైట్‌లో ప్రొఫైల్ పెట్టేటప్పుడు ఫలానా కంపెనీలకి కనపడకూడదని బ్లాక్ చేసే సదుపాయం ఉంది. మీ కంపెనీ పేరు ఒక్కటే ఇస్తే సరిపోదు, అదే గ్రూపులోని మిగతా కంపెనీలు, హెడ్డాఫీసు పేరు, పాత పేరు ఉంటే అదీ ఇవ్వండి. అయినా మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే ఏజెన్సీవాడి కంట పడొచ్చు, ఆ రిస్క్ మిగిలే ఉంటుంది. లింక్డిన్‌లో 'ఓపెన్ టు వర్క్' పెడితే ఫొటో చుట్టూ పచ్చ చుట్టు వస్తుంది, అది ఊరంతా దండోరా వేసినట్టే. రిక్రూటర్లకి మాత్రమే కనపడేలా పెట్టుకునే ఆప్షన్ తీసుకోండి. మీ కంపెనీ రిక్రూటర్లకి కనపడకుండా ప్రయత్నిస్తాం కానీ పూర్తి గ్యారంటీ ఇవ్వలేం అని లింక్డినే చెప్తుంది. ప్రొఫైల్ మార్చే ముందు, మార్పులు అందరికీ తెలియజేసే సెట్టింగ్ ఆపేయండి. ఏళ్ల తరబడి పట్టించుకోని ప్రొఫైల్‌ని ఒక్క రాత్రిలో మార్చేస్తే ఎవరైనా గమనిస్తారు, రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా మార్చుకోండి.

కొంతమంది బయోడేటాలో కంపెనీ పేరు రాయకుండా 'రాయగడ జిల్లాలో ఒక పెద్ద ఫ్యాక్టరీ' అని రాస్తారు. మన జిల్లాలో పెద్ద ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అలా రాసినా పేరు రాసినట్టే. 'తూర్పు భారతంలో ప్రాసెస్ పరిశ్రమ, 800 మంది సిబ్బంది' అన్నట్టు రాస్తే కొంత మేలు.

ఎవరికి చెప్పాలి

ఇంట్లో చెప్పాలి, తప్పదు. భార్యాభర్తల మధ్య దాస్తే తర్వాత వచ్చే గొడవ ఉద్యోగం కంటే పెద్దదవుతుంది. కానీ చెప్పేటప్పుడే 'మీ అక్కకి కూడా ఇప్పుడే వద్దు' అని స్పష్టంగా అనుకోండి. చిన్నపిల్లలకి చెప్పకండి, స్కూల్ ఆటోలో వాళ్లు మాట్లాడుకుంటారు. ఆఫీసులో ఎంత ప్రాణస్నేహితుడైనా, వద్దు. వాడు చెడ్డవాడని కాదు. కొంతమంది నోట్లో నువ్వుగింజ నానదు, నానేవాడికైనా రేపు మీ గురించి ఆఫీసర్ సూటిగా అడిగితే అబద్ధం చెప్పాల్సిన ఇబ్బంది వస్తుంది, అది మీరు వాడి నెత్తిన పెట్టడమే.

మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇంకొకటుంది. హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తే, పక్కనున్నవాళ్లు ఒడియావాళ్లే కదా అని తెలుగులో గట్టిగా మాట్లాడేస్తారు. రాయగడలో ఒడియావాళ్లకి తెలుగు రాదని ఎవరు చెప్పారు? కూరగాయల బజారులో బేరం తెలుగులో ఆడతారు. నా పక్క సీటు ఒడియా సహోద్యోగి నాతో పదేళ్లు ఒడియాలోనే మాట్లాడాడు, వాళ్ల అమ్మగారి ఊరు బొబ్బిలి అని రిటైరయ్యే రోజున తెలిసింది. అంతవరకూ నేను ఇంటికి ఫోన్ చేసి అన్న ప్రతి మాటా ఆయనకి అర్థమైందన్నమాట.

ఫోన్లు, ఇంటర్వ్యూలు

రిక్రూటర్లు పగలు 11 గంటలకే చేస్తారు. ఎత్తి గుసగుసలాడటం, ఫోన్ పట్టుకుని వర్క్‌షాప్ వెనక్కి పరిగెత్తడం కంటే ఎత్తకుండా ఈ మెసేజ్ పంపండి: 'నమస్తే, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం 7 తర్వాత గానీ ఉదయం 8 లోపు గానీ మాట్లాడగలను. నేను వెతుకుతున్నట్టు మా కంపెనీకి తెలియదు, దయచేసి గోప్యంగా ఉంచండి.' పని ఉన్నవాడు తప్పకుండా మళ్లీ చేస్తాడు.

షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఇంటర్వ్యూ టైము కుదుర్చుకోవడం నిజానికి తేలిక. బి షిఫ్ట్ (మధ్యాహ్నం డ్యూటీ) వారంలో ఉదయమంతా మీదే, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ 10 గంటలకి అడగండి. సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) దిగి నిద్ర లేకుండా ఇంటర్వ్యూలో కూర్చోవడం మాత్రం వద్దు, ముఖం చెప్పేస్తుంది. జనరల్ షిఫ్ట్ వాళ్లు ఒక్కో ఇంటర్వ్యూకి ఒక్కో సెలవు పెట్టకుండా, ఫోన్ రౌండ్లు సాయంత్రాలు పూర్తిచేసుకుని ముఖాముఖి వాటికి మాత్రమే సెలవు వాడండి. సెలవు చీటీ మీద కారణం 'సొంత పని' చాలు. ఎవరైనా అడిగితే 'విశాఖలో చిన్న పని ఉందండి' అనండి, అది నిజమే.

విశాఖ వెళ్లే రైలు మన ఊరి వసారా లాంటిది. హాస్పిటల్‌కి వెళ్లేవాళ్లు, పెళ్లి బట్టలకి వెళ్లేవాళ్లు, ఎవరో ఒకరు తెలిసినవాళ్లు ఉండనే ఉంటారు. ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకుని ఫైలు ఒళ్లో పెట్టుకుని ఎక్కకండి. మామూలు బట్టల్లో వెళ్లి, స్టేషన్ వెయిటింగ్ రూంలో మార్చుకోండి. రైల్లో సర్టిఫికెట్లు తీసి సర్దుకోవడం కూడా వద్దు. నేను రెండోసారి వెళ్లినప్పుడు విజయనగరంలో మా స్టోర్స్ ఆయన ఎక్కి సరిగ్గా నా ఎదురు సీట్లో కూర్చున్నారు. నా దగ్గర ఒక చేతి సంచి, అందులో పైన తువ్వాలు, కింద ఫైలు. విశాఖ దాకా ఆయన మనవడి సంగతులే మాట్లాడుకున్నాం.

ఇంటర్వ్యూలో ఎందుకు మారుతున్నారని అడుగుతారు. ఇప్పుడున్న కంపెనీని తిట్టకండి. పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం వైపు పరిశ్రమల్లో పాత సహోద్యోగులో, వాళ్ల బంధువులో ఎక్కడో ఒకచోట ఉంటారు, మాట తిరిగి రావడానికి ఎంతోసేపు పట్టదు. రేపే చేరతారా అంటే నోటీసు ఇంత ఉందని నిజం చెప్పండి. ఇప్పటి యజమానిని నోటీసు లేకుండా వదిలేసేవాడు రేపు మమ్మల్నీ వదిలేస్తాడని తెలివైనవాళ్లు అనుకుంటారు.

రిఫరెన్సులు అడిగితే ఇప్పటికే మీ కంపెనీ వదిలి వెళ్లిపోయిన పాత ఆఫీసర్ పేరు ఇవ్వండి, ముందుగా ఆయనకి ఫోన్ చేసి అడిగాకే. వెరిఫికేషన్ ఫారంలో ప్రస్తుత యజమానిని ఇప్పుడు సంప్రదించవచ్చా అన్న చోట 'వద్దు, రాజీనామా ఇచ్చాకే' అని రాయండి. ఆ గడి ఖాళీగా వదిలేసి చిక్కుల్లో పడినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. మీ పేరు ఆధార్‌లో, పాన్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకేలా ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఇంకో దాంట్లో వెనక ఉండటం, ఒడియా స్కూల్లో రాసిన స్పెల్లింగ్ వేరుగా ఉండటం మనవాళ్లకి చాలా మామూలు.

మధ్యలో ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, యూనిఫాం డబ్బులు అంటే అక్కడితో ఆపేయండి. అసలు ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బులు అడగడు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆఫర్ చేతికొచ్చాక లెక్క వేయండి

జీతం పెద్దగా కనపడగానే పొంగిపోవద్దు. ఇక్కడ చేతికి 34,000 వస్తోంది, కంపెనీ క్వార్టర్ ఉంది అనుకుందాం. విశాఖలో ఏడాదికి 7,20,000 సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) అన్నారు, అంటే నెలకి 60,000. బేసిక్ 30,000 అయితే కంపెనీ వాటా పీఎఫ్ 3,600 అందులోనే, మీ వాటా ఇంకో 3,600, గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం అంటే సుమారు 1,440, పనితీరు బట్టి ఇచ్చేది మొత్తంలో 10 శాతం అంటే 6,000, వృత్తి పన్ను 200. ఇవన్నీ తీస్తే నెలనెలా చేతికొచ్చేది 45,160. ఇంటద్దె 11,000 పోతే 34,160. అంటే ఊరు మారి, ఇల్లు మారి, నెలకి 160 రూపాయలు. ఎదుగుదల కోసమో, పిల్లల చదువు కోసమో, తల్లిదండ్రుల దగ్గర ఉండటం కోసమో అయితే సరే, తెలిసి వెళ్లండి. డబ్బుకోసమే అయితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టి ఇంకొంచెం అడగండి.

పిల్లల సంగతి కూడా ఇక్కడే. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పిల్లలు ఒడియా స్కూల్లో చదివితే తెలుగు చదవలేరు, రాయలేరు. ఆంధ్రలో బళ్లు జూన్‌లో తెరుస్తారు, వీలైతే దానికి తగ్గట్టు చేరే తేదీ అడగండి. ఈలోగా రోజూ రాత్రి అరగంట అక్షరాలు దిద్దించండి. టీసీకి మాత్రం రాజీనామా అయ్యేదాకా వెళ్లకండి, హెడ్‌మాస్టర్ గారికి మీ మేనేజర్ తెలిసే ఉంటారు.

ఆఫర్ లెటర్ రాతపూర్వకంగా, జీతం, హోదా, ఊరు, చేరే తేదీ అన్నీ ఉండి, కంపెనీ సొంత మెయిల్ నుంచి వచ్చి, మెడికల్ పరీక్ష ఉంటే అదీ అయిపోయాకే ఇక్కడ నోరు విప్పాలి. ఫోన్‌లో 'కన్ఫర్మ్ అండి, రిజైన్ చేసేయండి' అన్న మాట నమ్మి రాజీనామా ఇస్తే ఉన్నదీ పోయి, ఉంచుకున్నదీ పోతుంది.

చెప్పే రోజు

మొదట మీ పై ఆఫీసర్‌కే చెప్పండి, ఎదురుగా కూర్చుని, ఇంకెవరికీ తెలియకముందు. రెండు మాటలు చాలు: 'సార్, నాకు వేరేచోట అవకాశం వచ్చింది, ఒప్పుకున్నాను. నోటీసు పూర్తిగా పనిచేసి అన్నీ అప్పజెప్పి వెళ్తాను.' ఏ కంపెనీ, ఎంత జీతం అని అడిగితే 'చేరాక చెప్తాను సార్' అనొచ్చు, తప్పేమీ లేదు. ఆ వెంటనే మెయిల్ పంపండి, ఆ తేదీ నుంచే నోటీసు లెక్క. జీతం పెంచుతాం ఉండిపో అంటారేమో, దానికి జవాబు ఇంటి దగ్గరే ఆలోచించుకుని వెళ్లండి, క్యాబిన్‌లో కూర్చుని కాదు.

నోటీసు రోజుల్లో పని తగ్గించకండి. రిలీవింగ్ లెటర్ మీద సంతకం పెట్టేది ఆ మనుషులే. వెళ్లే రోజుకి రిలీవింగ్ లెటర్, సర్వీస్ సర్టిఫికెట్, మిగిలిన సెలవుల డబ్బు లెక్క, స్టోర్స్ నుంచీ క్వార్టర్ నుంచీ నో డ్యూస్ కాగితం అడిగి తీసుకోండి.

కొత్తచోట చేరగానే పాత యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతాలన్నిటికీ ఒకటే ఉండే) నంబరే ఇవ్వండి, కొత్తది తీయించుకోవద్దు. పీఎఫ్ డబ్బు డ్రా చేయకుండా ట్రాన్స్‌ఫర్ పెట్టండి, సర్వీస్ కలుస్తుంది. పెన్షన్‌కి 10 ఏళ్ల సర్వీస్ కావాలి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఏడాది మధ్యలో మారితే ఏప్రిల్ నుంచి పాత కంపెనీలో వచ్చిన జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త ఆఫీసుకి ఇవ్వండి, లేకపోతే రెండు కంపెనీలూ విడివిడిగా స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లకి పన్ను లెక్కలో ఇచ్చే తగ్గింపు) లెక్కేసి తక్కువ పన్ను కోస్తారు, జూలైలో రిటర్న్ వేసేటప్పుడు ఒక్కసారి మీద పడుతుంది. ఇక మూడో నెలలో పీఎఫ్ పోర్టల్ తెరిచి పాత కంపెనీ మీరు మానేసిన తేదీ ఎక్కించిందో లేదో చూడండి. ఎక్కించకపోతే ఎవరినీ అడగక్కర్లేదు, ఆఖరి చందా పడి 2 నెలలు దాటాక ఆధార్ ఓటీపీతో ఆ తేదీ మీరే ఎక్కించుకోవచ్చు.